మన మడి దాటిన ఉప్పు ఎక్కడికి పోతుంది?

(హైదరాబాద్ మోతీనగర్‌లో జరిగిన సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున ఇక్కడికి వస్తుంటే ఆటో ఆయన అడిగాడు, "మోతీనగర్‌లో రైతుల మీటింగేంది సార్, ఇక్కడ పొలాలెక్కడున్నయ్?" అని. పొలాలు లేవు గాని పొలాలున్నవాళ్లు ఉన్నారని చెప్పాను. ఈ హాల్లో సగం మంది పిల్లల చదువులకో, కొడుకుల ఉద్యోగాలకో వచ్చి ఈ బోరబండ, ఎర్రగడ్డ, మూసాపేట చుట్టుపక్కల స్థిరపడ్డవాళ్లే. భూమి ఊళ్లో ఉంది, కౌలుకిచ్చారు. మిగతా సగం మంది నిన్న రాత్రి బస్సెక్కి వచ్చారు. రెండు రకాల వాళ్లకూ చెప్పాల్సిన సంగతి ఒకటుంది. నీళ్ల గురించి అంటే మనకు వెంటనే ఎన్ని టీఎంసీలు, ఎవరి వాటా ఎంత అనే మాటలు గుర్తొస్తాయి. నేను మాట్లాడేది ఆ నీళ్లతో పాటు ప్రయాణం చేసే ఉప్పు గురించి.

ఈ హాలుకు పెద్ద దూరమేం కాదు, కూకట్‌పల్లి నాలా పోతుంది. అది హుస్సేన్‌సాగర్‌కు చేరుతుంది. అక్కడి నుంచి మూసీ. మూసీ నల్లగొండ జిల్లా మీదుగా, సోలిపేట దగ్గర 1963లో కట్టిన మూసీ ప్రాజెక్టు దాటి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. మా ఊరు ఆ వాడపల్లికి కాస్త ఎగువన, సాగర్ ఎడమ కాలువ కింద. అంటే మీ ఇంటి సింకులో పడ్డ నీళ్లు నాలుగు రోజులు అటో ఇటో మా ఊరి పక్కగా పోవాల్సిందే. కాబట్టి మీరూ నేనూ ఇరుగుపొరుగు వాళ్లమే అనుకోండి.

మా పొలం కథతో మొదలుపెడతాను. ఇందులో తప్పు ఎవరిదో మీరే చెబుదురు గాని.

1967 ఆగస్టులో సాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. అప్పటిదాకా మాది మోటబావి కింద రెండెకరాలు, మిగతాది మెట్ట. కాలువ వచ్చాక మా నాయన మెట్టంతా మడులు కట్టించాడు. కాగితం మీద మా భూమి ఆరుతడి కిందికి లోకలైజ్ అయింది. వేరుశనగ, జొన్న, పత్తి పెట్టుకోవాలి. ఎవరు పెట్టారు? తూము దగ్గర నీళ్లు కనబడుతుంటే వరి వేయని రైతు ఉంటాడా? మేమూ వేశాం. పదిహేనేళ్లు బంగారంలా పండింది. ఆ పదిహేనేళ్లలో మా బావిలో నీళ్లు ఏటేటా పైకొచ్చాయి. ఒకప్పుడు మోట తాడు మొత్తం వదిలితే గాని బొక్కెన మునగని బావిలో, చివరికి ఒడ్డున కూచుని చెంబుతో ముంచుకునేవాళ్లం. అది గంగమ్మ తల్లి దయ అనుకున్నాం. దండం కూడా పెట్టుకున్నాం.

ఆ తర్వాత పల్లంలో ఉన్న రెండెకరాల్లో వేసవిలో తెల్లగా పొర తేలడం మొదలైంది. నాటు పెడితే మొక్క ఆకు చివరలు ఎండేవి. నాయన విత్తనం మార్చాడు, ఎరువు పెంచాడు, చెరువు మట్టి తోలించాడు. ఊళ్లో ముసలామె ఒకతె వచ్చి చూసి, "ఇది సౌడు రా, మా చిన్నప్పుడు బట్టలు ఉడకేయడానికి ఈ మట్టే తెచ్చేటోళ్లం" అంది. అప్పుడు గాని మాకు అర్థం కాలేదు. కింద ఎక్కడో ఉన్న ఉప్పును మేమే నీళ్లతో పైకి పిలిచాం.

ఉప్పు ఎక్కడి నుంచి వస్తుందని చాలామంది అడుగుతారు. సముద్రం పక్కనుంటే సరే, మనకెక్కడిది? మన రాళ్లూ మట్టీ కరిగితే వచ్చేదే. వాన నీళ్లలో దాదాపు ఉండదు. కానీ ఆ వాన గుట్టల మీద నుంచి పారి, చెరువుల్లో నిలిచి, కాలువలో వచ్చేసరికి కొంత ఉప్పు కలిసే ఉంటుంది. నాలుకకు తెలియదు, అంతే.

ఒక లెక్క చూద్దాం. లీటరు కాలువ నీళ్లలో 300 మిల్లీగ్రాముల ఉప్పులున్నాయనుకుందాం. తాగడానికి ఏ ఇబ్బందీ లేని నీళ్లవి. ఎకరా మీద అంగుళం మందాన నీళ్లు నిలబెడితే లక్షా 3 వేల లీటర్లు. అందులో ఉప్పు 31 కిలోలు. వరికి పంటకాలమంతా కలిపి 48 అంగుళాలు పెట్టామనుకోండి, పాత అలవాటు ప్రకారం అది పెద్ద ఎక్కువేం కాదు. 1,480 కిలోల ఉప్పు. యాభై కిలోల బస్తాల్లో చెప్పాలంటే ముప్ఫై బస్తాలు. యూరియా, డీఏపీ అన్నీ కలిపి ఎకరాకు నాలుగైదు బస్తాలు వేసి ఖర్చు మోయలేక చస్తున్నాం. ముప్ఫై బస్తాల ఉప్పు మాత్రం ఉచితంగా, చడీచప్పుడు లేకుండా వచ్చి పడుతుంది.

వరి మొక్క ఆ ఉప్పులో తీసుకునేది చాలా కొద్ది. ఎండకు ఆవిరైపోయే నీళ్లు ఉప్పును వెంట తీసుకుపోవు. కాబట్టి ఆ ముప్ఫై బస్తాలూ నేలలో ఉండాలి, లేదా ఊట పట్టి వాగులోకి దిగాలి. మూడో దారి లేదు. నేలలో ఉంటే మనం మునుగుతాం, వాగులోకి దిగితే కిందోడు మునుగుతాడు. నేనివాళ చెప్పదలుచుకున్న చిక్కు మొత్తం ఇదే.

ఇంకో మాట. వాగులోకి దిగే ఊట, మనం పెట్టిన ఉప్పును మాత్రమే తీసుకుపోదు. నేల లోపలి పొరల్లో ఎన్నో ఏళ్లుగా పడుకున్న ఉప్పును కూడా లేపుకుని పోతుంది. ఎంత ఎక్కువ నీరు లోపలికి దిగితే అంత ఎక్కువ ఉప్పు కరుగుతుంది. అందుకే నీళ్లు పొదుపు చేయడమంటే కరెంటో కాలువ వాటానో మిగలడం ఒక్కటే కాదు. దిగువకు పోయే ఉప్పు మూట బరువు తగ్గించడం కూడా.

మా పొలం కథ మధ్యలో వదిలాను. మా నాయన పోయాక నేను ఆ రెండెకరాల అంచున వాగు దాకా మూడడుగుల లోతున కాలువ తవ్వించాను. మొదటి ఏడు ఆ కాలువలో వచ్చిన నీళ్లు నోట్లో పోసుకుంటే ఉమ్మేయాల్సి వచ్చింది. మూడు వానాకాలాలు గడిచేసరికి నేల తేరుకుంది. పంట పండింది. నేనేదో ఘనకార్యం చేశానని ఊళ్లో చెప్పుకుంటూ తిరిగాను. అప్పుడొచ్చాడు మా వాగుకు దిగువన ఆయిల్ ఇంజన్ పెట్టుకుని మిరప పండించే తమ్ముడు. వరసకు తమ్ముడే. కోపంగా కూడా రాలేదు. మడమ మీద కూచుని, "అన్నా, నీ పొలం బాగైంది, సంతోషం. నా మిరపతోట మాడిపోతుంది, ఒకసారి వచ్చి చూడు" అన్నాడు. పోయి చూశాను. నా రెండెకరాల్లో నుంచి పోయిన తెల్లపొర వాడి బోదెల మీద పేరుకుని ఉంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను చేసింది చట్టప్రకారం తప్పు కాదు. ఇంజనీర్లు, శాస్త్రవేత్తలు చెప్పే పద్ధతి కూడా అదే. మురుగు పోనివ్వందే చౌడు బాగుపడదు. కానీ పోయిన మురుగు ఎక్కడికి పోతుందని నేను అడగలేదు, నాకెవరూ చెప్పలేదు.

ఇది నా ఒక్కడి కథ కాదు. తుంగభద్ర ఎడమ కాలువ చూడండి. 1953లో డ్యామ్ పూర్తయ్యాక మన గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి రైతులు వెళ్లి గంగావతి, సింధనూరు వైపు భూములు కొనుక్కుని క్యాంపులు వేసుకున్నారు. ఇప్పటికీ ఆ ఊళ్లను క్యాంపులనే అంటారు, తెలుగే మాట్లాడతారు. కరువు ప్రాంతంలో వీలైనంత ఎక్కువ భూమికి కొంచెం కొంచెం తడి ఇవ్వాలని ఆ ప్రాజెక్టు కట్టారు. మనవాళ్లు వెళ్లి కాలువ తల దగ్గర రెండు కార్లు వరి పండించారు. కష్టజీవులు, కర్ణాటకకు వరి పండించి చూపించారు, అందులో సందేహం లేదు. కానీ ఆ ఆయకట్టులో ఇవాళ జాలు పట్టి, చౌడెక్కిన భూమి 90 వేల హెక్టార్లకు పైనే. అక్కడి వాగులు, మురుగు కాలువలు తుంగభద్రలోకే దిగుతాయి. దిగువన రాజోలిబండ. ఆ కాలువ మీద ఆధారపడ్డది మన అలంపూర్, గద్వాల రైతులు, 87,500 ఎకరాల ఆయకట్టు. ఆర్డీఎస్‌కు రావాల్సిన 15.9 టీఎంసీలు రావడం లేదని మన సంఘాలు ఎన్ని ధర్నాలు చేశాయో మీకు తెలుసు. వచ్చే ఆ కొన్ని నీళ్లలో ఎంత భాగం పైవాడి పొలంలో ఒకసారి తిరిగి వచ్చిన నీళ్లో, వాటిలో ఉప్పెంతో ఒక్క ధర్నాలో కూడా మనం అడగలేదు.

అడగకపోవడానికి కారణముంది. బచావత్ ట్రిబ్యునల్ కృష్ణలో 2,060 టీఎంసీలు లెక్కగట్టి మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800 పంచింది. దాని మీద ఇంకో 70 టీఎంసీలు చేర్చింది. ఆ 70 ఏమిటో తెలుసా? పొలాల్లో పారి మళ్లీ నదిలోకి తిరిగొచ్చే నీళ్లు. మొత్తం 2,130. తిరిగొచ్చే నీళ్లను నీళ్ల కింద లెక్క కట్టారు. ఆ నీళ్లు ఉత్త చేతులతో తిరిగి రావని మాత్రం లెక్కలో ఎక్కడా లేదు. ఇందాకటి 300 మిల్లీగ్రాముల లెక్కే తీసుకుంటే, ఒక్క టీఎంసీలో 8,500 టన్నుల ఉప్పు. పది టన్నుల లారీలు 850. పొలం తిరిగొస్తే అది రెండింతలో, మూడింతలో.

పోనీ సముద్రంలో కలిసిపోతుందిలే అనుకుందామంటే, కృష్ణ సముద్రానికి చేరడమే తగ్గిపోయింది. 2001 నుంచి 2004 దాకా వరుస కరువుల్లో ప్రకాశం బ్యారేజీ దాటి పోయింది దాదాపు ఏమీ లేదు. నది సముద్రాన్ని చేరని ఏడు, ఆ ఏడాది ఉప్పంతా మన మధ్యే ఎక్కడో ఆగిపోయినట్టు. కిందనేమో సముద్రం లోపలికి తోసుకొస్తుంది. దివిసీమ, బాపట్ల రైతులను అడగండి, రెండు వైపుల ఉప్పు మధ్య బతకడం ఎలా ఉంటుందో చెబుతారు.

అమెరికా సంగతి ఒకటి చెబుతాను. అమెరికా గొప్పలు చెప్పడానికి కాదు, వాళ్లు కూడా ముందు బుద్ధి తక్కువ పనే చేశారని చెప్పడానికి. కొలరాడో నది అమెరికాలో పుట్టి మెక్సికోలోకి పోతుంది. 1944లో రెండు దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. ఏటా 15 లక్షల ఎకరా అడుగుల నీళ్లు మెక్సికోకు ఇవ్వాలి. ఎన్ని నీళ్లో రాసుకున్నారు, ఎలాంటి నీళ్లో రాసుకోలేదు. అచ్చం మన లాగే. 1961లో అరిజోనాలోని వెల్టన్-మొహాక్ ప్రాంతంలో పొలాల కింద పైకొచ్చిన ఉప్పునీళ్లను బోర్లతో తోడి నదివైపు వదలడం మొదలుపెట్టారు. దిగువన మెహికాలి లోయలో మెక్సికో రైతుల పత్తి మాడిపోయింది. రైతులు రోడ్డెక్కారు, దేశాల మధ్య గొడవైంది. 1973లో మళ్లీ ఒప్పందం రాసుకుని ఈసారి ఉప్పు ఎంతకు మించకూడదో కూడా రాశారు. 1974లో అమెరికా ప్రత్యేక చట్టం చేసింది.

ఆ తర్వాత రెండు పనులు చేశారు. ఒకటి, యూమా అనే చోట ఉప్పునీళ్లను శుద్ధి చేసే పెద్ద ప్లాంటు. అది 1992లో పూర్తయింది, నడిచింది మాత్రం కొద్ది కాలమే. రెండోది, నది పైభాగాన గ్రాండ్ వ్యాలీ లాంటి చోట్ల కాలువలకు లైనింగ్ చేయడం, మట్టి బోదెల బదులు పైపులు వేయడం, రైతులకు డబ్బిచ్చి నీటి పద్ధతి మార్పించడం. అక్కడ నేల కింద ఉప్పు నిండిన పలకరాతి పొర ఉంది. లోపలికి దిగే నీళ్లు తగ్గితే నదిలోకి వచ్చే ఉప్పు తగ్గుతుంది. ఈ రెండో పనే నిలబడింది. వచ్చిన ఉప్పును తీయడం కంటే రాకుండా ఆపడం చవక. ఇందులో మనం గుర్తుపెట్టుకోవాల్సిన మాట, రైతులకు డబ్బిచ్చి చేయించారు. దిగువ వాళ్ల మేలు కోసం మొత్తం ఖర్చు ఎగువ రైతే పెట్టుకోమని ఎవరూ చెప్పలేదు.

సరే, మన దగ్గర ఏం చేయొచ్చు? ముందు ఎన్ని నీళ్లు చాలో చూద్దాం. మడిలో ఉప్పు పేరుకోకుండా ఉండాలంటే పంట తాగే నీళ్ల కంటే కొంచెం ఎక్కువ పెట్టాలి, ఉప్పును వేరు కిందికి దింపడానికి. ఇది నిజమే. బొత్తిగా కొలిచి పెడితే నేల పాడవుతుంది. కానీ ఎంత ఎక్కువ? దానికి శాస్త్రవేత్తల లెక్క ఉంది. ఈసీ అనే కొలతతో నీళ్లలో ఉప్పు కొలుస్తారు. కాలువ నీళ్ల ఈసీ 0.5 ఉందనుకుంటే, వరి తట్టుకునే హద్దు నేలలో 3 కాబట్టి, నూటికి మూడున్నర పాళ్లు ఎక్కువ పెడితే చాలు. వంద చెంబులకు నాలుగు చెంబులు. మీ బోరు నీళ్లు కాస్త ఉప్పగా 1.5 ఉంటే నూటికి పదకొండు. మనం ఎక్కువ పెట్టేది ఎంత? తూము తీసి రాత్రంతా వదిలేసి, తెల్లారి వచ్చి చూసుకునే నీళ్లు నాలుగు పాళ్లా? వంద చెంబులు కావాల్సిన చోట రెండు వందలు పోసి, మిగతాది వాగుకు పంపుతున్నాం.

ఇక్కడ సినిమా వాళ్ల మీద చిన్న ఫిర్యాదు. పక్కనే జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్. పల్లెటూరి పాట అంటే చాలు, మోకాలి లోతు నీళ్లలో నాట్లు, ఒడ్డు మీద హీరో. ఆ నీళ్లు ఎటు పోతాయో చూపించే ఒక్క షాటు కూడా ఉండదు. మనకు కూడా అదే అలవాటైంది, నిండా నీళ్లుంటేనే పొలం కళగా ఉందనిపిస్తుంది. నిజానికి వరికి ఎప్పుడూ నీళ్లు నిలబడాల్సిన పనిలేదు. జానెడున్నర పైపు ముక్కకు చిల్లులు పెట్టి మడిలో దింపి, అందులో నీటిమట్టం నేల కంటే 15 సెంటీమీటర్లు కిందికి పోయాక మళ్లీ తడి ఇవ్వొచ్చని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఎప్పుడో చెప్పింది. పూత దశలో మాత్రం నీళ్లు నిలపాలి. దాన్నే తడి-పొడి పద్ధతి అంటున్నారు. బాగున్న నేలల్లో ఇది మంచి పద్ధతి. చౌడు భూమిలో మాత్రం తొందరపడి చేయకండి. మడి ఆరినప్పుడల్లా ఉప్పు పైకి లేచి వేరు దగ్గర చిక్కబడుతుంది. ముందు నేల బాగుచేసుకుని తర్వాత నీళ్లు తగ్గించాలి. మడి నుంచి మడికి పారించే పద్ధతి కూడా మానాలి. పై మడి ఉప్పు, ఎరువు అన్నీ కింది మడికి చేరతాయి. పక్క బోదె తీసి ఏ మడికి ఆ మడికి నీళ్లు పెడితే సగం జబ్బు అక్కడే తగ్గుతుంది.

డ్రిప్పు ఉన్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. డ్రిప్పు కింద తడి ఎక్కడి దాకా పాకుతుందో ఆ అంచున ఉప్పు వలయంలా పేరుకుంటుంది. తొలకరి జల్లు పడగానే చాలామంది మోటారు ఆపేస్తారు. చిన్న జల్లు ఆ వలయాన్ని కరిగించి సరిగ్గా వేరు మీదికి తోస్తుంది. బత్తాయి తోటల్లో వాన పడ్డాక ఆకు మాడిందని ఆశ్చర్యపోయినవాళ్లు ఇది కూడా ఒకసారి అనుమానించండి. గట్టి వాన పడేదాకా డ్రిప్పు నడవనివ్వాలి.

చౌడులో రెండు రకాలు. పాల చౌడుకు మంచినీళ్లతో కడిగి మురుగు పోనిస్తే చాలు. దానికి జిప్సం వేసి డబ్బు తగలేయొద్దు. కారు చౌడు వేరు. దాని పీహెచ్ 8.5 దాటి ఉంటుంది, నీళ్లు లోపలికి దిగవు. రాయలసీమలో మట్టి మిద్దెల మీద చౌడు పరిచేది అందుకే, వాన నీరు దిగకుండా ఉండడానికి. ఇంటి కప్పుకు పనికొచ్చిన గుణమే పొలంలో శాపం. దానికి జిప్సం, ఆ తర్వాత జీలుగ వేసి కలియదున్నడం. ఏది ఏదో తెలియాలంటే మట్టి పరీక్ష చేయించాలి. కంటితో చూసి చెప్పేది కాదు.

ఈ విషయంలో మనకు బయటి దేశాల పాఠాలే అక్కర్లేదు. బాపట్లలో చౌడు నేలలు, ఉప్పునీళ్ల మీద పరిశోధన కేంద్రం ఎన్నో ఏళ్లుగా ఉంది. 1990ల చివర్లో డచ్చి వాళ్లతో కలిసి కర్నాల్, బాపట్ల, గంగావతి శాస్త్రవేత్తలు భూమి లోపల చిల్లుల పైపులు వేసి ఉప్పు తీసే ప్రయోగాలు చేశారు. మన దగ్గర కొణంకి, ఉప్పుగుండూరులో రైతుల పొలాల్లోనే వేశారు. పని చేసింది. మరి ఆ తర్వాత ఎన్ని ఊళ్లలో వేశారు? ప్రయోగం ప్రయోగంగానే ఆగితే అది రైతు లోపం కాదు.

ఇప్పుడు మీలో కొందరి మనసులో ఉన్న ప్రశ్నలు నేనే వేసుకుంటాను.

"మూసీలోకి ఈ నగరమంతా మురుగు వదులుతుంటే, మా మడి ఉప్పు గురించి మాట్లాడతావేంది?" న్యాయమైన మాట. హైదరాబాద్ దిగువన మూసీ కత్వల కింద వరి పండించిన రైతులు దిగుబడి పడిపోయి పారాగడ్డికి మళ్లారు. ఆ గడ్డి మళ్లీ ఈ నగరానికి పాలిచ్చే గేదెలకే. మురుగునీటి శుద్ధి కేంద్రాలు కడుతున్నారు, మంచిదే. కానీ అవి కుళ్లును తీస్తాయి, కరిగిన ఉప్పును తీయవు. సబ్బు, డిటర్జెంట్, ఫ్యాక్టరీల ఉప్పు శుద్ధి కేంద్రం దాటి మూసీలోకి వచ్చేస్తుంది. కాబట్టి ఫ్యాక్టరీ ఉప్పును ఫ్యాక్టరీ దగ్గరే ఆపమని అడగాలి, గట్టిగా అడగాలి. అడిగేటప్పుడు మన చేతులు కూడా శుభ్రంగా ఉంటే మాటకు బలం. అంతే గాని నగరం చేసింది కాబట్టి నేను నా తమ్ముడి మిరపతోట మాడ్చొచ్చు అనలేను కదా.

"ఉచిత కరెంటు తీసేయమంటావా?" అననే అనను. బోరు రైతు అప్పుల్లో మునిగి ప్రాణాలు తీసుకున్న రోజులు చూసినవాణ్ణి. కానీ 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో 24 గంటల కరెంటు వచ్చాక ఆటోస్టార్టరు ఎందుకు? రాత్రి రెండింటికి కరెంటు వచ్చి పోయే రోజుల్లో అవసరమైంది, పెట్టుకున్నాం. ఇప్పుడు కరెంటు మన ఇష్టం వచ్చినప్పుడు ఉంది. మనిషి దగ్గరుండి మోటారు వేసి, ఆపుకోవచ్చు. ఈ మాటకు మన సంఘంలోనే కొందరు నన్ను తిడతారు, తిట్టనీయండి.

"వరి మానమంటావా?" మార్కెట్ యార్డులో కొనేది వడ్లు ఒక్కటే అయితే రైతు ఇంకేం వేస్తాడు? మద్దతు ధర ఇరవైకి పైగా పంటలకు ప్రకటిస్తారు, లారీ వచ్చి నిలబడేది వడ్ల దగ్గర. పెసర, కంది, నువ్వు, జొన్నలకు అదే కొనుగోలు కేంద్రం, అదే లారీ ఇస్తే చాలామంది పల్లపు మడులు ఉంచుకుని మెరక మీద ఆరుతడి వేసుకుంటారు. నీటి పొదుపు మీద ప్రభుత్వం ఎన్ని సదస్సులు పెట్టినా, కొనుగోలు కేంద్రం లేకుండా వాటి విలువ టీ, బిస్కెట్ల ఖర్చే.

ఇంకొక ప్రశ్న మీరు అడగరు, నేనే చెప్పాలి. నీళ్లు పొదుపు చేస్తే ఆ మిగిలిన నీళ్లు ఏమవుతాయి? మన దగ్గర ఎన్నో కుంటలు, చిన్న చెరువులు పైవాళ్ల ఊట మీదే బతుకుతున్నాయి. పై రైతు నీళ్లు తగ్గించి, మిగిలిన దానితో ఇంకో ఐదెకరాలు సాగు చేస్తే, కింది కుంటకు ఊట తగ్గుతుంది, వచ్చే కొంచెమూ చిక్కటి ఉప్పునీళ్లవుతుంది. అంటే పొదుపు చేసి కూడా కిందోణ్ణి ముంచినట్టే. పొదుపైన నీళ్లు కాలువలోనే ఉండి చివరి భూములకు చేరితేనే పొదుపుకు అర్థం. ఇది ఒక్క రైతు ఇష్టానికి వదిలే సంగతి కాదు. 1997లో సాగునీటి సంఘాల చట్టం తెచ్చినప్పుడు తూముల దగ్గర వంతుల లెక్క, నీటి కొలత రైతుల చేతికొస్తాయని ఆశపడ్డాం. కొన్నాళ్లు వచ్చింది కూడా. తర్వాత ఆ సంఘాలు కాంట్రాక్టు పనుల సంఘాలైపోయాయి. వాటిని మళ్లీ నీళ్ల సంఘాలుగా నిలబెట్టాలని మనం అడగాలి. అడగడంతో పాటు, ప్రతి మేజరు కింద మురుగు కాలువ వాగులో కలిసేచోట నీటిపారుదల శాఖ నెలకోసారి ఈసీ కొలిచి ఊరి బోర్డు మీద రాయాలని కూడా అడగాలి. టీఎంసీలు కొలిచే శాఖకు ఇది పెద్ద పనేం కాదు. మురుగు కాలువల్లో పూడిక, తుమ్మలు తీయించడం ఎటూ అడుగుతూనే ఉన్నాం.

ఇక ఇక్కడ స్థిరపడ్డ భూమి యజమానులకు ఒక మాట, కొంచెం కటువుగానే. మీ కౌలురైతు ఒక్క ఏడాది కోసం భూమి తీసుకుంటాడు. వచ్చే ఏడు ఇస్తారో లేదో తెలియని భూమిలో అతను జిప్సం ఎందుకు వేస్తాడు? మూడేళ్లకు గాని ఫలితమివ్వని మురుగు బోదె ఎందుకు తవ్విస్తాడు? అతనికి తెలిసింది నీళ్లు ఎక్కువ పెట్టి ఈ పంట గట్టెక్కించుకోవడం. మీ భూమి చౌడెక్కితే పోయేది మీ ఆస్తే. ఐదేళ్ల కౌలు కాగితం రాసివ్వండి, జిప్సం ఖర్చు మీరు పెట్టుకోండి. కాగితం రాస్తే భూమి పోతుందనే భయం చాలామందిలో ఉంది. కాగితం రాయకపోయినా భూమి పోతుంది, ఉప్పు రూపంలో.

మా మిరప తమ్ముడి సంగతి ఏమైందని ఎదురుగా కూచున్న అక్క సైగ చేస్తున్నారు. చెబుతాను. ఇద్దరం వాగు ఒడ్డున కూచుని మాట్లాడుకున్నాం. నా మురుగు బోదె చివర చెక్క తలుపు పెట్టాను. వాగులో నీళ్లు సన్నగా ఉండే యాసంగి, వేసవి కాలాల్లో ఆ తలుపు వేసి ఉంచుతాను. వానాకాలంలో వాగు నిండుగా పారేటప్పుడు తీసి ఉప్పు వదులుతాను. పెద్ద ప్రవాహంలో అది పలచబడి పోతుంది, అతని మోటారు కూడా అప్పుడు నడవదు. తలుపు మూసి ఉన్నన్నాళ్లు నా పల్లపు మడి జాలు పట్టకుండా ఉండాలంటే పై మెరకలో నీళ్లు తగ్గించాలి. అందుకని పైన నాలుగెకరాలు యాసంగిలో వరి మానేసి నువ్వులు, పెసర వేశాను. ఆదాయం కొంత తగ్గింది, అబద్ధం చెప్పను. మొదటి రెండేళ్లు ఇంట్లో మాటలు కూడా పడ్డాను. తమ్ముడు తన వంతుగా పెసర కోతకు ఇద్దరు మనుషులను పంపేవాడు. అతని తోట పూర్తిగా మునుపటిలా కాలేదు గాని, మిరప మళ్లీ ఎర్రగా ఆరబోస్తున్నాడు. పోయిన ఏడు నాకు బస్తాడు పంపాడు కూడా.

భోజనాల తర్వాత ఇదే హాల్లో వెనక బల్ల దగ్గర ఉంటాను. పెన్ను లాంటి ఈసీ మీటరు తెచ్చాను. బోరు నీళ్లు, వాగు నీళ్లు సీసాల్లో తెమ్మని ముందే చెప్పాం కదా, తెచ్చినవాళ్లు సీసా మీద ఊరి పేరు, నీళ్లు తీసిన చోటు రాసి పెట్టండి. సీసా తేవడం మరచిపోయినవాళ్లు ఊరికి పోగానే మురుగు కాలువ వాగులో కలిసేచోట ఒకటి, దానికి వంద గజాల ఎగువన ఒకటి పట్టి వచ్చే నెల మీటింగుకు తీసుకురండి.